250 ఖాళీ రోజులు: అర ఎకరం మెట్ట చేనులో ప్రకృతి వ్యవసాయాన్ని మొదలుపెట్టడం ఎలా

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఖరీఫ్‌లో వేరుశనగ ఒక్కటే వేసే మెట్ట రైతు కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి చూసుకోవాలి. విత్తిన నాటి నుంచి చెట్టు పీకే నాటి వరకు పంట చేనులో 110 నుంచి 120 రోజులు ఉంటుంది. మిగిలిన 250 రోజులూ ఆ ఎర్ర నేల మీద నీడ ఉండదు, లోపల బతికున్న వేరు ఉండదు. ఏప్రిల్, మే నెలల ఎండకు పైమట్టి మాడుతుంది, ఆషాఢం గాలికి లేచిపోతుంది, ఆ తరువాత కురిసే పెద్ద వాన నేలలోకి ఇంకే దారి లేక గట్లు తెంచుకొని వంకలో కలుస్తుంది. అలాంటి నేలకు ఏటా బస్తాల కొద్దీ ఎరువు పోసి, అది చాలడం లేదని మరుసటి ఏడాది ఇంకో బస్తా పెంచుతూ వచ్చాము. ఇక్కడ చెప్పబోయే ప్రకృతి వ్యవసాయ పద్ధతి, అంటే రసాయన ఎరువులు, పురుగుమందులు లేని సాగు, మొత్తం ఆ 250 రోజులను తగ్గించే ప్రయత్నం నుంచే పుడుతుంది. పేడ, మూత్రం పులియబెట్టి చేసే జీవామృతం, కషాయాలు, మిశ్రమ పంటలు అన్నీ దాని తరువాతే వస్తాయి.

పారిశ్రామిక వ్యవసాయం మన మెట్ట ప్రాంతాలకు వేల ఎకరాల కమతాల రూపంలో రాలేదు. రెండు మూడు ఎకరాల చేనులోకే ఒకే పంట, కొన్న విత్తనం, కొన్న ఎరువు, కొన్న మందు, వాటి కోసం తెచ్చిన అప్పు అనే రూపంలో వచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియని చోట, వాన సంగతి తేలకముందే పెట్టుబడి అంతా నేలలో పెట్టేయవలసి రావడమే ఈ పద్ధతిలోని అసలు ప్రమాదం. ఒకే పంట వల్ల వచ్చే ముప్పు ఎంతటిదో 2000 సంవత్సరంలో జిల్లా అంతా చూసింది. ఆ ఏడాది కాండం కుళ్లు వైరస్ తెగులు అప్పటి అనంతపురం జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు సోకింది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల ద్వారా లేత మొక్కలకు చేరుతుంది. బీడు నేలల్లోనూ గట్ల మీదా ఆ కలుపు గుబురుగా పెరిగి ఉండగా, దాని పక్కనే కనుచూపు మేర అడ్డుకట్ట లేకుండా ఒకే పంట పరుచుకొని ఉంటే తెగులు ఆగే చోటు ఏముంటుంది?

దీనికి మారుగా మరో దారి తెలుగు నేల మీద కొత్తగా కనిపెట్టవలసిన పనేమీ లేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు 2000 దశకం మొదట్లోనే పురుగుమందులు పూర్తిగా మానేశారు. అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనెబావి 2006లో ఊరంతటినీ సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. ఆ అనుభవాల మీదనే ఉమ్మడి రాష్ట్రంలో పొదుపు సంఘాల మహిళల ద్వారా పురుగుమందులు లేని సాగు విస్తరించింది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ దానిని ప్రకృతి వ్యవసాయంగా ముందుకు తీసుకుపోతోంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి కూడా లభించింది. ఈ వ్యాసంలోని కొలతలు చాలావరకు ఆ కార్యక్రమంలోనూ, దానికి ముందు నుంచి రైతుల వాడుకలోనూ ఉన్నవే.

అర ఎకరమే ఎందుకు

రెండు నుంచి అయిదు ఎకరాల మెట్ట ఉండి, బోరు లేక, ఇంట్లో ఒకటి రెండు పశువులు ఉన్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. అలాంటి కుటుంబం మొదటి ఏడాది అర ఎకరానికి మించి మార్చకూడదని నా గట్టి అభిప్రాయం. ఏళ్ల తరబడి రసాయనాలకు అలవాటుపడి, సేంద్రియ పదార్థం అడుగంటిన నేల ఒక్క సీజన్‌లో తేరుకోదు. మొదటి ఏడాది దిగుబడి తగ్గే అవకాశం ఉంది, ఆ నష్టాన్ని ఇల్లు తట్టుకోగలగాలి. శ్రీలంక ప్రభుత్వం 2021లో రసాయన ఎరువుల దిగుమతిని దేశమంతటా ఒక్కసారిగా నిషేధించి, కొద్ది నెలలు తిరిగేసరికి రైతులు రోడ్డెక్కగా అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. అయినా ఆ తరువాతి కోతల్లో వరి దిగుబడులు పడిపోయాయి. అక్కడ నేలకు సిద్ధమయ్యే వ్యవధి ఇవ్వలేదు, రైతుకు నేర్చుకునే వ్యవధీ ఇవ్వలేదు. సొంత చేనులో మనం అదే పొరపాటు చేయకూడదు.

ఆ అర ఎకరం ఇంటికి దగ్గరగా, రోజూ కంటపడేదిగా ఉండాలి. చేనులో అన్నిటికంటే చెడ్డ ముక్కను ప్రయోగానికి కేటాయించడం చాలామంది చేసే పని. అక్కడ ఏ పద్ధతీ నిలబడదు, నింద మాత్రం కొత్త పద్ధతి మీద పడుతుంది. మధ్యరకం నేలను ఎంచుకోండి. కౌలు రైతులు కనీసం మూడేళ్లు చేతిలో ఉంటుందన్న మాట భూయజమాని నుంచి తీసుకున్నాకే మొదలుపెట్టడం మంచిది. నేలలో పెట్టిన శ్రమ ఫలం రెండో ఏడాది నుంచే బాగా కనిపిస్తుంది, అప్పుడు చేను చేయి జారితే ఆ కష్టం ఇంకొకరి పాలవుతుంది.

మొదలుపెట్టే ముందు నేల ఇప్పుడు ఎలా ఉందో కొలిచి రాసిపెట్టుకోవాలి. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. అడుగు తీసేసిన పెద్ద డబ్బా ఒకటి తీసుకొని, మూడు నాలుగు అంగుళాల లోతుకు నేలలో దిగగొట్టి, లీటరు నీళ్లు పోసి, అవి ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోనులో చూసి రాయండి. చేనులో మూడు చోట్ల, గట్టు మీద చెట్టు నీడలో ఒక చోట ఇదే కొలత తీయండి. చెట్టు కిందకూ చేనుకూ మధ్య కనిపించే తేడాయే రానున్న మూడేళ్లలో మీరు తగ్గించవలసిన దూరం.

ఫిబ్రవరి, మార్చి: పేడ, విత్తనం

ప్రకృతి వ్యవసాయం అనగానే అందరూ డ్రమ్ము గురించి మాట్లాడతారు కాని, పని పేడకుప్ప దగ్గర మొదలవుతుంది. ఘన జీవామృతం తయారు చేయడానికి సాధారణంగా చెప్పే పాళ్లు ఇవి: 100 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, కలపడానికి సరిపడా ఆవు మూత్రం. అన్నీ కలిపి నీడలో పలుచగా పరిచి ఆరబెట్టి, పొడి చేసి గోనె సంచుల్లో నింపుకుంటే ఆరు నెలల వరకు వాడుకోవచ్చు. అయితే ఇక్కడ ఒక లెక్క తప్పిపోతుంటుంది. పచ్చి పేడలో అయిదింట నాలుగు వంతులు నీరే కనుక 100 కిలోలు ఆరేసరికి పాతిక కిలోలకు దగ్గరపడుతుంది. ఎకరానికి 400 కిలోల చొప్పున అర ఎకరానికి కావలసిన 200 కిలోలు ఆ దారిన చేయాలంటే ఒకటి రెండు పశువుల ఇంటికి నెలలు పడుతుంది. అందుకని మరో పద్ధతి తేలిక. మాగిన పశువుల ఎరువును జల్లెడ పట్టి, 200 కిలోలకు 20 లీటర్ల ద్రవ జీవామృతం (తయారీ కింద చెబుతాను) చిలకరించి, బాగా కలిపి, కుప్పగా వేసి రెండు రోజులు గోనెపట్టాలు కప్పి, తరువాత నీడలో ఆరబెట్టాలి. ఊళ్లోకి గొర్రెల మందలు వచ్చే కాలం ఇదే కనుక, నాలుగైదు రాత్రులు ఆ ముక్కలో మంద నిలిపించుకోగలిగితే అంతకు మించిన ఆరంభం లేదు. మన పెద్దలు మందకు గింజలు కొలిచి ఇచ్చింది ఊరికే కాదు.

విత్తనాలు కూడా ఈ నెలల్లోనే సమకూర్చుకోవాలి. ప్రధాన పంటకు ముందు నేలను పచ్చగా కప్పి ఉంచడానికి ఏప్రిల్ చివర చల్లబోయే నవధాన్యాలకు ఎకరానికి 10 నుంచి 12 కిలోల చొప్పున, అర ఎకరానికి 5 నుంచి 6 కిలోలు కావాలి. పేరుకు నవధాన్యాలే అయినా తొమ్మిది దగ్గర ఆగనవసరం లేదు, పదిహేను ఇరవై రకాలు కలిస్తే ఇంకా మంచిది. బరువులో సగం పప్పుజాతులు ఉండేలా చూసుకోండి: అలసంద, పెసర, మినుము, ఉలవ, అనుము, పిల్లిపెసర, జనుము. పావు వంతు సజ్జ, జొన్న, కొర్ర, సామ వంటి గింజజాతులు. మిగిలిన పావులో ఆముదం, నువ్వు, ఆవాలు, ధనియాలు, గోంగూర, తోటకూర, బెండ, గోరుచిక్కుడు, దోస. పప్పుజాతులు వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని నిలుపుతాయి, గింజజాతుల పీచు వేర్లు పైమట్టిని పట్టి ఉంచుతాయి, ఆముదం లోతుకు దిగి గట్టి పొరను చీలుస్తుంది, ఆవాలు, ధనియాలు పూసి మిత్రపురుగులను పిలుస్తాయి.

ఈ గింజలను అంగడిలో కొనడం కంటే ఊళ్లోని పెద్ద ముత్తయిదువలను అడగడం మేలు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పేడతో అలికిన బుట్టల్లో, బూడిద, వేపాకు కలిపి దాచుకున్న విత్తనాలతోనే పదుల రకాల పంటలను నిలబెట్టాయి. ఏటా జరిపే పాత పంటల జాతరలో ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. మన ఇళ్లలోనూ గాదె మూలన ఎవరో ఒక అవ్వ దాచిన అనపకాయ విత్తనమో, దొడ్డ సజ్జ గింజలో ఉండే ఉంటాయి.

ఏప్రిల్ చివర: పొడి నేలలో విత్తడం

వానలకు ముందే పొడి దుక్కిలో గింజలు చల్లడమంటే మొదటిసారి వినేవారికి గింజలు చీమల పాలు చేయడంగానే తోస్తుంది. గింజకు మట్టి కవచం కట్టేది అందుకే. ఈ పద్ధతికి ప్రకృతి వ్యవసాయ సిబ్బంది వాడే పేరు పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్), అంటే రుతుపవనాలకు ముందే పొడి నేలలో విత్తడం.

ముందుగా విత్తనానికి పట్టించే బీజామృతం చేసుకోవాలి. 20 లీటర్ల నీటిలో 5 కిలోల ఆవు పేడను గుడ్డలో మూటగట్టి 12 గంటలు వేలాడదీయాలి. విడిగా లీటరు నీటిలో 50 గ్రాముల సున్నం రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి మూటను నాలుగైదుసార్లు పిండి, 5 లీటర్ల ఆవు మూత్రం, సున్నపు నీరు, గట్టు మీది గుప్పెడు మట్టి కలపాలి. ఇది 100 కిలోల విత్తనానికి చాలుతుంది కనుక నవధాన్యాలకు ఇందులో నాలుగో వంతు చేసుకున్నా మిగులుతుంది.

తరువాత టార్పాలిన్ మీద గింజలు పోసి, బీజామృతం చిలకరించి, మెత్తగా జల్లించిన చెరువు మట్టి పొడి చల్లుతూ ఇద్దరు చెరో వైపు పట్ట అంచులు ఎత్తి దొర్లించాలి. గింజ మీద మట్టి పట్టాక మళ్లీ కొద్దిగా తడిపి పొయ్యి బూడిద, ఆ మీద ఘన జీవామృతం పొడి పట్టించాలి. ఆవాలు, నువ్వులు, తోటకూర వంటి సన్న గింజలను వేరుగా చేయకపోతే అవి పెద్ద గింజల మట్టిలో కూరుకుపోతాయి. కవచం మరీ మందమైతే మొలక చీల్చుకోలేదు, పలుచనైతే చీమలు వదలవు. పెసరగింజ శనగగింజంత అయ్యేసరికి ఆపితే సరిపోతుంది. నీడలో ఒక పూట ఆరబెట్టుకోవాలి. ఈ కవచం చీమల నుంచీ పిట్టల నుంచీ కాపాడడమే కాక, పైపైన తడిపిపోయే చిన్న జల్లుకు గింజ తొందరపడి మొలిచి ఎండిపోకుండా ఆపుతుంది.

చేనులో 200 కిలోల ఘన జీవామృతం చల్లి, గుంటకతో పైపైన గీరి, గింజలు వెదజల్లి, మళ్లీ ఒకసారి గుంటక తోలాలి. లోతు దుక్కి వద్దు. ఆ మీద దొరికిన చెత్త, కంది కట్టె ముక్కలు, వేరుశనగ పొట్టు, ఎండు ఆకు ఏదైనా పలుచగా కప్పాలి. అనంతపురం మెట్టలో కప్పడానికి అంత చెత్త ఎక్కడిదని అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనది. వేరుశనగ కట్టె పశువులకు మేతగా పోతుంది, పశువుల నోటి దగ్గరది తీసి నేల మీద వేయమని ఎవరూ చెప్పలేరు. మొదటి ఏడాది కప్పగలిగినంతే కప్పండి, నవధాన్యాల పచ్చదనమే తరువాత కప్పుగా మారుతుంది. గట్ల మీద గిరిపుష్పం, కానుగ, ఆముదం నాటడం ఇప్పుడే మొదలుపెడితే రెండు మూడేళ్లలో రొట్టకు కొదవ తీరుతుంది.

ఈ దశలో చేను చెడేది వాన లేక కంటే మేత వల్లనే ఎక్కువ. వేసవిలో పశువులనూ మేకలనూ విచ్చలవిడిగా వదిలే ఊళ్లో ఒక్క అర ఎకరం పచ్చగా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ముళ్లకంప వేసుకోవాలి, అంతకంటే ముందు గొల్లవారితోనూ పక్క చేల వారితోనూ కూర్చొని మాట్లాడుకోవాలి. నలభై రోజుల తరువాత కొంత మేత కోసుకోనిస్తామని మాట ఇస్తే మందల వాళ్లే కాపు కాసిన సందర్భాలు ఉన్నాయి. అయిదారు కుటుంబాలు పక్కపక్కనే మొదలుపెడితే కాపలా భారం తగ్గుతుంది. పని సంఘంగా మొదలైన చోట నిలబడడానికి ఇదొక పెద్ద కారణం.

డ్రమ్ములో ఉన్నదేమిటి

ద్రవ జీవామృతానికి 200 లీటర్ల డ్రమ్ములో నీరు నింపి, 10 కిలోల తాజా ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల పప్పుపిండి, ఎరువులు మందులు తగలని గట్టు మట్టి గుప్పెడు వేసి, నీడలో ఉంచి గోనెపట్టా కప్పాలి. ఉదయం, సాయంత్రం కర్రతో ఒకే దిశలో కలుపుతూ ఉంటే 48 గంటలకు సిద్ధమవుతుంది. వారం లోపు వాడేయాలి. పిండికి ఉలవ, శనగ, అలసంద ఏదైనా సరే, నూనెగింజల పిండి వద్దు. బెల్లం దొరకకపోతే బాగా మగ్గిన పండ్లు పిసికి వేసుకోవచ్చు. నాటు ఆవు లేని ఇల్లు పొరుగింటి పేడ తెచ్చుకోవచ్చు, లేదా సగం ఎద్దు పేడ కలుపుకోవచ్చు. పేడ తాజాగా ఉండడం ముఖ్యం.

ఈ డ్రమ్ము ఎరువు బస్తాకు బదులు కాదని రైతుకు మొదటి రోజే చెప్పాలి. లెక్క వేస్తే 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పిండి అన్నిటిలో కలిపి ఉండే నత్రజని పావు కిలోకు మించదు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. తగిన శాస్త్రీయ ఆధారాలు లేవంటూ 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున విస్తరించవద్దని అభ్యంతరం చెప్పింది. ఆ ప్రశ్నను కొట్టిపారేయడం వల్ల మనకు మేలు లేదు. బెల్లం, పిండి తిని కోట్లుగా పెరిగిన సూక్ష్మజీవులను నేలకు చేర్చే పులియబెట్టిన తోడు మాత్రమే జీవామృతం. పాలు లేని కుండలో తోడు వేస్తే పెరుగు అవుతుందా? పప్పుజాతుల బుడిపెలు, నవధాన్యాల రొట్ట, మంద ఎరువు, నేల మీది కప్పు ఆ పాలు. నవధాన్యాలు వేయకుండా, చెత్త కప్పకుండా, పదిహేను రోజులకోసారి డ్రమ్ము మాత్రం పోసిన చేలల్లోనే పంటలు పాలిపోయి, రైతులు విసిగి వెనక్కి వెళ్లడం ఎక్కువగా చూశాను.

మోతాదు ఎకరానికి 200 లీటర్లు, పదిహేను రోజులకు ఒకసారి. అర ఎకరానికి 100 లీటర్లు అంటే 16 లీటర్ల స్ప్రేయర్‌తో ఆరేడు ట్యాంకులు. మెట్టలో క్యాలెండరు చూసి పోయవద్దు, నేల పదును, అంటే తడి, చూసి పోయాలి. ఎండిన నేల మీద మధ్యాహ్నం పోసిన జీవామృతంలో బతికేది చాలా తక్కువ. వాన పడిన మరుసటి సాయంత్రం పోస్తే మంచిది. ఆకుల మీద చల్లాలంటే పలుచటి గుడ్డతో రెండుసార్లు వడగట్టి, ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీరు కలపాలి.

జూన్ చివర, జూలై: ప్రధాన పంట

నవధాన్యాలు మొలిచి 45 నుంచి 60 రోజులయ్యేసరికి వేరుశనగ విత్తే అదను వస్తుంది. కావలసిన కూరలు, మేత కోసుకున్నాక, మంచి వాన పడినప్పుడు మిగిలిన మొక్కలను వేర్లతో పీకకుండా కొడవలితో నేల బారున కోసి అక్కడే పరచాలి. కోయడం ఆలస్యమైతే లోతు తక్కువ ఉన్న ఎర్ర నేలలోని తేమ అంతా ఆ పచ్చదనమే తాగేస్తుంది. వర్షాల మధ్య ఎడం పెరుగుతున్న ఏడాది అయితే రెండు వారాలు ముందే కోసేయడంలో తప్పు లేదు.

పరచిన రొట్టను సాళ్ల మధ్యకు జరుపుకుంటూ వేరుశనగ విత్తాలి. సాలు మీద మందంగా కప్పు ఉంచకూడదు, పూత తరువాత దిగే ఊడలు మట్టిలోకి చేరాలి కదా. విత్తనం పప్పుకు పలుచటి పొర ఉంటుంది కనుక బీజామృతంలో నానబెట్టకుండా, చిలకరించి చేతులతో నెమ్మదిగా కలిపి వెంటనే నీడలో ఆరబెట్టాలి. గట్టిగా రుద్దితే పొర ఊడి మొలక దెబ్బతింటుంది.

ప్రతి ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయాలి. వేరుశనగ పీకాక కూడా కంది జనవరి దాకా నిలిచి, నేల మీద నీడ ఉంచుతుంది, ఆకు రాల్చుతుంది. చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్న గానీ సజ్జ గానీ దగ్గరగా విత్తాలి. వేరుశనగ కంటే త్వరగా ఎదిగే ఈ గోడ, గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులను మొదట తన మీదనే ఆపుకుంటుంది. 2000 నాటి తెగులు తరువాత శాస్త్రవేత్తలు చేసిన ముఖ్యమైన సిఫారసుల్లో ఇది ఒకటి. వయ్యారిభామను పూతకు రాకముందే గట్ల మీది నుంచి పీకేయాలి. అక్కడక్కడా అలసంద, ఆముదం, బంతి మొక్కలు ఉండాలి. వాటి పని కింద చెబుతాను.

జిప్సం విషయంలో కొంతమంది ప్రకృతి వ్యవసాయ మిత్రులతో నేను విభేదిస్తాను. వేరుశనగ కాయ నిండడానికి ఊడ దిగే చోట మట్టిలో సున్నం, అంటే కాల్షియం ఉండాలి. పూత దశలో ఎకరానికి 200 కిలోల చొప్పున జిప్సం వేయమన్నది పాత సిఫారసు. గని నుంచి తీసిన జిప్సం సేంద్రియ ప్రమాణాల్లో కూడా అనుమతించినదే. నేల మారుతున్న మొదటి రెండేళ్లలో దీన్ని మానేసి లొట్టకాయలు పండించుకోవడంలో అర్థం లేదు.

పురుగు వచ్చినప్పుడు

మొదటి వానల తరువాత ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులు నేలలోంచి లేస్తాయి. ఆ రెండు మూడు రాత్రులు ఊరంతా చేల గట్ల మీద మంటలు వేస్తే అవి వచ్చి పడతాయి, గుడ్లు పెట్టేవే తగ్గిపోతాయి. ఒక్క రైతు మంట వేస్తే పక్క చేల పురుగులు కూడా అతని చేనుకే వస్తాయి. ఊరు కలిసి చేయవలసిన పని ఇది, సంఘం సమావేశంలో ముందే తేదీ అనుకోవాలి. తప్పించుకున్నవి మొదట అలసంద మొక్కలకు చేరతాయి కనుక అక్కడే ఏరివేయవచ్చు. పొగాకు లద్దె పురుగు ఆముదం ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెడుతుంది. జల్లెడలా మారిన ఆకు కనబడితే తుంచి నలిపేస్తే వందల పురుగులు ఒక్కసారిగా పోతాయి. అర ఎకరానికి రెండు లింగాకర్షక బుట్టలు పెడితే ఉధృతి ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది, అయిదారు పంగల కర్రలు నాటితే పిట్టలు వాలి తమ పని తాము చేస్తాయి.

వారానికి రెండుసార్లు ఉదయం చేనులో నడిచి, పది పదిహేను మొక్కల ఆకులు తిప్పి చూడడం ఏ కషాయం కంటే ఎక్కువ పని చేస్తుంది. పురుగుతో పాటు అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు కూడా తగినన్ని కనిపిస్తే రెండు రోజులు ఆగి చూడండి. పిచికారీ తప్పదనుకుంటే మొదట వేపగింజల కషాయం: 5 కిలోల వేపపప్పు పొడిని గుడ్డలో కట్టి నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి వడగట్టి, 100 లీటర్లకు పెంచి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఇందుకు వేపకాయలు రాలే జూన్, జూలైలలోనే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోవాలి. ఎండలో ఆరబెట్టినదానికి బలం తగ్గుతుంది.

అగ్నిఅస్త్రం గురించి ఒక హెచ్చరిక. మూత్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు మరగబెట్టి చేసే ఈ కషాయం ఇంట్లో తయారైనంత మాత్రాన సాధువైనది కాదు. పొగాకులోని నికోటిన్ మనిషికీ విషమే, మిత్రపురుగులనూ చంపుతుంది. కాండం తొలిచే పురుగు, కాయ తొలిచే పురుగు చేయి దాటినప్పుడు మాత్రమే, చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ కట్టుకొని, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి వాడాలి. మొదటి ఏడాది దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆకుమచ్చ వంటి బూజు తెగుళ్లకు 100 లీటర్ల నీటికి 5, 6 లీటర్ల బాగా పులిసిన మజ్జిగ కలిపి ముందుగానే చల్లడం అలవాటు చేసుకోవచ్చు.

కలుపు, కూలి, ఖర్చు

కలుపు మందు లేకపోతే ఆ పని ఎవరి మీద పడుతుందో నిజాయితీగా ఒప్పుకోవాలి. ఇంటి ఆడవాళ్ల నడుం మీదే పడుతుంది. డ్రమ్ము కలపడం, గింజలకు మట్టి పట్టించడం కూడా చాలా ఇళ్లలో వారి పనులకు అదనంగానే చేరుతున్నాయి. విత్తిన 20 రోజులకూ 35 రోజులకూ గుంటక తోలి, సాలులోని కలుపు మాత్రమే చేత్తో తీస్తే భారం సగానికి తగ్గుతుంది. ఊడలు దిగడం మొదలయ్యాక, అంటే 45 రోజుల తరువాత, నేలను కదిలించకూడదు. ఇంట్లో పని ఎలా పంచుకుంటారో చేను ఎంచుకునే రోజునే మాట్లాడుకోండి.

ఒక నోటుబుక్కులో రెండు పక్కలా లెక్క రాయాలి. ఒక పక్క ఈ అర ఎకరం, మరో పక్క పాత పద్ధతిలోనే ఉన్న చేనులో అర ఎకరం. విత్తనం, ఎరువు, మందు, కూలి, వడ్డీ, ఇంటివాళ్ల పనిదినాలు అన్నీ రాయాలి. వచ్చిన కాయల బస్తాలతో పాటు నవధాన్యాల్లో కోసుకున్న ఆకుకూర, అలసంద, పశువుల మేత, కంది, జొన్న కూడా తూచి రాయాలి. బస్తాలు మాత్రమే పోలిస్తే మొదటి ఏడాది పాత చేనే నెగ్గవచ్చు. అప్పు, వడ్డీ తీసేసి చూసినప్పుడూ, వాన ముఖం చాటేసిన ఏడాది చూసినప్పుడూ లెక్క వేరుగా ఉంటుంది. ఏ లెక్క వచ్చినా దాచుకోకుండా సంఘంలో చదివి వినిపించండి, పక్కవారు నమ్మేది ఆ పుస్తకాన్నే.

అమ్మకం దగ్గర తొందరపడవద్దు. అర ఎకరం పంటను మొదట ఇంటికీ, విత్తనానికీ ఉంచుకోండి. తరువాత కనీసం అయిదుగురు రైతులు కలిసి పీజీఎస్-ఇండియా అనే ప్రభుత్వ సేంద్రియ ధ్రువీకరణ పద్ధతి కింద బృందంగా నమోదైతే, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతిలో పెద్ద ఖర్చు లేకుండా ధ్రువీకరణ పొందవచ్చు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అండతో నిలిచిన ధరణి సహకార సంఘం, సభ్యులైన మెట్ట రైతుల చిరుధాన్యాలనూ వేరుశనగనూ తానే కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. ఒంటరిగా మండీకి వెళ్లిన రైతుకు ప్రకృతి పంటైనా మామూలు ధరే పలుకుతుంది, బేరం సంఘం చేయాలి.

పంట పీకిన తరువాత

అక్టోబరు, నవంబరులో వేరుశనగ పీకడానికి పదిహేను రోజుల ముందు, నేలలో పదును ఉంటే, నిలిచి ఉన్న పంటలోనే ఉలవ, అలసంద, అనుము, ధనియాలు కలిపిన గింజలను కవచం కట్టి చల్లండి. కాయ పీకేటప్పుడు కదిలే మట్టే వాటిని కప్పుతుంది, శీతకాలపు మంచు కొంత, ఈశాన్య రుతుపవనాల జల్లు కొంత వాటిని నిలబెడతాయి. కంది సాళ్లు ఎలాగూ ఉన్నాయి. జనవరి చివర కంది కోశాక కట్టెను ముక్కలు చేసి చేనులోనే వదిలి, మళ్లీ ఏప్రిల్ చివర, ఈసారి సొంత గింజలతో, నవధాన్యాలు వేయాలి.

అప్పటికి డబ్బా పరీక్ష మళ్లీ అదే మూడు చోట్ల చేసి, నిమిషాలు పాత అంకె పక్కనే రాయండి. నేల మీద ఏ పచ్చదనమూ లేని రోజులు ఎన్నో కూడా లెక్కపెట్టి రాయండి. 250 రోజులు 100 లోపుకు దిగి, నీరు ముందుకంటే త్వరగా ఇంకుతుంటే, రెండో ఏడాది పక్క అర ఎకరాన్ని కలుపుకోవచ్చు. దిగకపోతే విస్తీర్ణం పెంచకుండా, ఏ నెలలో నేల ఖాళీ అయిందో చూసి, ఆ నెలకు ముందు ఏ గింజ వేయాలో సంఘంలో పెద్దవాళ్లను అడిగి నిర్ణయించుకోవాలి.